ఉన్నమాటే కదా!

ఎవరి గురించో మాట్లాడుతుంటే పక్కవాళ్లు వారించగానే మన నోట వచ్చేది ఒకటే: "ఉన్నమాటే కదా అన్నాను!" యూదుల ధర్మశాస్త్రం దగ్గర ఈ సమర్థన చెల్లదు. వాళ్లు లషోన్ హరా అని తప్పుపట్టేది ఒకరిని చులకన చేసే నిజాన్నే. కల్పించి చెప్పడం అంతకన్నా పెద్ద దోషం.

ఈ నియమాలన్నిటినీ పుస్తకంగా కూర్చినవారు ఇస్రాయేల్ మేయిర్ కగన్ అనే రబ్బీ, అంటే యూదు మతగురువు. ఇప్పటి బెలారుస్‌లో ఉన్న రదున్ ఆయన ఊరు. 1873లో వచ్చిన ఆ పుస్తకం పేరు 'హఫేత్స్ హయిమ్'. తర్వాత జనం ఆయన్నే ఆ పేరుతో పిలిచారు.

చాడీ ముగ్గురిని చంపుతుందని యూదుల ధర్మగ్రంథం తాల్ముద్ అంటుంది. చెప్పినవాడు, విన్నవాడు, ఎవరి గురించి చెప్పారో వాడు. బైబిలు కథలో, తమ్ముడు మోషే గురించి మాట్లాడినందుకు ప్రవక్త్రి మిర్యాము అంతటిదే చర్మవ్యాధితో ఏడు రోజులు పాళెం బయట ఉండాల్సి వచ్చింది. మనుషుల్ని విడదీసే మాటకు తగ్గట్టే మనుషులకు దూరంగా ఉండటం శిక్ష అయిందని రబ్బీలు వివరించారు. వినేవాడికీ దోషం ఉందన్న మాట దగ్గర తల్లిదండ్రులు కాస్త ఆగాలి. భోజనాల వేళ మనం మేనత్తనో పిన్నినో ఏకిపారేస్తుంటే, ఎదురుగా కంచం ముందున్న పిల్లలు వింటూనే ఉంటారు.

పసివాళ్ల గురించైనా సరే, వాళ్లకు బాధో నష్టమో కలిగేలా మాట్లాడకూడదని కగన్ రాశారు. నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఇదే. "మావాడు ఇంకా పక్క తడుపుతాడండీ" అని చుట్టాల ముందు నవ్వేస్తాం. వాడు అక్కడే నిలబడి ఉంటాడు. మార్కుల సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టడమూ అంతే. మనకది ముచ్చట, వాడికి పరువు.

అలాగని పిల్లల నోరు కట్టేయమని కాదు. ఒకరిని హాని నుంచి తప్పించాలంటే చెప్పవచ్చని, అయితే పెంచి చెప్పకూడదని, కక్షతో చెప్పకూడదని అదే శాస్త్రం అంటుంది. ఆ షరతులు పెద్దలం మనం పాటించాల్సినవి. బడిలో ఎవరో కొడుతున్నారనో, ఒక పెద్దాయన తాకిన తీరు బాగోలేదనో పాప చెబితే "చాడీలు చెప్పకు" అని కసరకండి. ముందు వినండి.

సాటి మనిషికి చేసిన తప్పును, అతణ్ణి సమాధానపరిచేదాకా ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ ఉపవాసం కూడా కడగలేదని యూదుల ప్రాచీన ధర్మసంకలనం మిష్నా చెబుతుంది. మీ పిల్లవాణ్ణి నలుగురిలో చిన్నబుచ్చి ఉంటే, ఇవాళే వాణ్ణి పిలిచి క్షమించమని అడగండి.