ఆనెలు, కాయలు: మన పాదాల సంగతి

తెలుగులో "కాయ" అనే మాటను చెట్టుకే కాదు, ఒంటికీ వాడతాం. నాగలి పట్టిన చేతులు కాయలు కాస్తాయి. ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాస్తాయి. కళ్ల సంగతి మాటవరసకే గానీ, చేతులూ కాళ్లూ నిజంగానే కాయలు కాస్తాయి. పాదంలో గుచ్చినట్టు నొప్పి పెట్టే చిన్న కాయను మనం ఆనె అనో, ఆనెకాయ అనో అంటాం. నాందేడ్‌లో మన మరాఠీ స్నేహితురాళ్లు దాన్ని కురూప్ అంటారు, భోవరీ అని కూడా అంటారు. వెడల్పుగా మందమైన చర్మాన్ని మాత్రం ఘట్టా అంటారు. రెండింటికీ వేరువేరు పేర్లుండటం మంచిదే, ఎందుకంటే అవి రెండూ ఒకటి కాదు.

కాయకూ ఆనెకూ తేడా

చర్మం పైపొరలో కెరటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. ఒకేచోట పదేపదే ఒత్తిడి, రాపిడి పడితే చర్మం తనను కాపాడుకోవడానికి అక్కడ ఆ పొరను మందం చేసుకుంటుంది. అది వెడల్పుగా, అంచు సరిగ్గా తెలియకుండా ఉంటే కాయ. మడమ మీద, వేళ్ల మొదళ్ల కింద ఎక్కువగా వస్తుంది. రోజూ గంటల తరబడి నేల మీద మఠం వేసుకుని పనిచేసేవాళ్లకు చీలమండ బయటివైపు నల్లగా వచ్చేదీ ఇదే. మామూలుగా దీనికి నొప్పి ఉండదు.

ఒత్తిడి అంతా ఒక చిన్న చోటనే, ముఖ్యంగా ఎముక పొడుచుకొచ్చిన చోట పడితే ఆనె వస్తుంది. అది గుండ్రంగా ఉంటుంది. మధ్యలో మేకులాంటి గట్టి భాగం, దాని మొన లోపలికి ఉంటాయి. అడుగు వేసినప్పుడల్లా ఆ మొన లోపల నొక్కుతుంది. అందుకే రాయి తొక్కినట్టు ప్రాణం లాగుతుంది. వేళ్ల సందుల్లో వచ్చే ఆనె చెమటకు నాని తెల్లగా, మెత్తగా ఉంటుంది.

అరికాలి పులిపిరిని చూసి కొందరు ఆనె అనుకుంటారు. పులిపిరి వైరస్ వల్ల వస్తుంది. అందులో చిన్న నల్ల చుక్కలు కనబడొచ్చు. పక్కల నుంచి గిల్లితే ఎక్కువ నొప్పి పెడుతుంది. ఆనెను పైనుంచి నొక్కితే నొప్పి ఎక్కువ.

వేరు ఉందా?

"ముల్లు లోపల విరిగింది, వేరుతో సహా పీకాలి" అని ఊళ్లలో అంటారు. ఈ ఆలోచన కొత్తది కాదు. సుశ్రుత సంహితలో దీన్ని "కదరం" అన్నారు, రాయో ముల్లో గుచ్చుకున్న చోట రేగుపండంత గట్టిగా వస్తుందని చెప్పి, కోసి నూనెతో కాల్చమన్నారు. కానీ ఆనెకు వేరు లేదు. తీసేసినా మళ్లీ వస్తుందంటే వేరు మిగిలిందని కాదు, ఒత్తిడి మిగిలిందని. కరిచే చెప్పును మార్చకుండా చర్మాన్ని మాత్రం చెక్కితే నెల తిరక్కుండానే కథ మొదటికి వస్తుంది.

ఏం చేయాలి?

ముందు చెప్పుల సంగతి చూడాలి. కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీయండి. మీ బూటును ఆ గీత మీద పెట్టండి. బూటు గీత కన్నా సన్నగా ఉంటే మీ వేళ్లు రోజంతా నలుగుతున్నట్టే. సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి కాబట్టి చెప్పులు సాయంత్రం పూట కొనండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు కాళ్లు నానబెట్టి, కాళ్లు రుద్దే రాయితోనో, ఇక్కడి ఇళ్లలో ఉండే వజ్రీతోనో మెల్లగా రుద్దాలి. ఒక్కరోజులో అంతా తీసేయాలని చూడొద్దు. తడి తుడిచి కొబ్బరినూనె గానీ వాజిలీన్ గానీ రాయాలి. మెడికల్ షాపులో దొరికే కార్న్ క్యాప్‌లో సాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది. అది చుట్టుపక్కల మంచి చర్మాన్ని కూడా తింటుంది, జాగ్రత్త. బ్లేడు మాత్రం ముట్టుకోవద్దు.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు

మా నాయనమ్మవి పత్తి చేలల్లో, ఎండిన నల్లరేగడి మీద ఒట్టికాళ్లతో నడిచిన పాదాలు. షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. బొటనవేలి కింది కాయను తనే బ్లేడుతో చెక్కుకునేది. పోయిన ఎండాకాలం ఆ కాయలో ఎర్రటి మరక కనబడింది. డాక్టర్ కాయను తీసి చూస్తే కింద పుండు. "నొప్పే లేదు గదా బిడ్డా" అన్నది నాయనమ్మ. నొప్పి లేకపోవడమే అసలు జబ్బు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారితే పాదం చెప్పాల్సింది చెప్పదు. గట్టి కాయ కింది మాంసాన్ని నొక్కి నొక్కి లోపలే పుండు చేస్తుంది.

1946లో వెల్లూరు వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల్లో ఇదే చూశారు. వాళ్ల పాదాల పుండ్లకు కారణం మాంసం కుళ్లడం కాదు, స్పర్శ తెలియని పాదం మీద ఆగకుండా పడే ఒత్తిడి. మెత్తటి రబ్బరు చెప్పులు అక్కడ మందంత పని చేశాయి. నాయనమ్మ పుండు కూడా కాలికి బరువు తగ్గించాకే మానింది. మూడు నెలలు పట్టింది.

అందుకే షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లకు స్పర్శ తగ్గినవాళ్లు కార్న్ క్యాప్ పెట్టకూడదు, తాము చెక్కుకోకూడదు. డాక్టర్‌కే చూపించాలి. పెద్దవాళ్లు వంగి తమ అరికాలు తాము చూసుకోలేరు. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు నుంచి వచ్చే మనం సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాళ్ల పాదాలు ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందులతో సహా చూద్దాం. తర్వాత రోజూ చూడటం ఇంట్లో ఒకరికి నేర్పి వద్దాం. ఎరుపు, నల్లమచ్చ, తడి, పగులు కనబడితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. "నొప్పి లేదులే" అంటే, ఆ మాట విని ఊరుకోవద్దు.