నోటిలోని మిత్రజీవులు

ఆరోగ్యవంతులలో పలువురి నోటిలో కాండిడా అనే శిలీంధ్రం హాని చేయకుండా నివసిస్తుంది. తోటి బాక్టీరియా దానిని అదుపులో ఉంచుతుంది. యాంటీబయాటిక్ మందులతో ఆ బాక్టీరియా నశిస్తే శిలీంధ్రం విజృంభించి, నాలుకపై తెల్లని పూతగా పేరుకొంటుంది.

మేలుచేసే బాక్టీరియాను మనమే అందిస్తే? ఫిన్లాండులో 276 మంది వృద్ధులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2007లో వెలువడ్డాయి. 16 వారాలపాటు కొందరికి లాక్టోబాసిల్లస్ వంటి మిత్రజీవులు కలిపిన చీజ్, మిగిలినవారికి మామూలు చీజ్ ఇచ్చారు. నోటిలో శిలీంధ్రం అధికంగా ఉన్నవారు మొదటి వర్గంలో 30 శాతం నుండి 21కి తగ్గగా, రెండవ వర్గంలో 28 నుండి 34కు పెరిగారు.

ఇది నివారణకు తోడ్పాటే గాని, ముదిరిన వ్యాధికి చికిత్స కాదు. మన ఇంటి పెరుగులో ఉండేవి ఆ ఎంపిక చేసిన జీవులే అనుకోరాదు. అయితే వైద్యుని సలహా లేనిదే యాంటీబయాటిక్ వాడకుండా, మనలోని కాపలాదారులను మనం కాపాడుకొనగలము.