ఆదివారం తూకం

మా వైపు రొయ్యల చెరువున్నవాళ్లెవరూ కంటి అంచనాతో మేత వెయ్యరు. చెక్‌ట్రే లాగి ఎంత మిగిలిందో చూస్తారు, వారానికోసారి విసురువల వేసి, పడ్డవాటిని తూచి, కిలోకు ఎన్ని తూగుతున్నాయో కౌంటు కడతారు. అదే మనిషి ఇంటికొచ్చి లాబ్రడార్ పిల్ల ముందు గిన్నెడు పాలన్నం పెట్టి, ‘ఎదిగే పిల్ల, తిననీ’ అంటాడు.

నేనూ అలాగే పెంచాను. నా మొదటి జర్మన్ షెపర్డ్ నాలుగో నెలకే బొద్దుగా తయారైతే వీధంతా ముచ్చటపడింది. ఏడో నెలలో ఒక పొద్దున అది లేవబోయి వెనక కాళ్లు ఈడ్చింది. తర్వాత తెచ్చిన లాబ్రడార్‌ను చెరువు లెక్కనే పెంచుతున్నాను. ఒక్క తేడా ఉంది. చెరువులో తొందరగా బరువొస్తే లాభం. పెద్దజాతి కుక్కపిల్లకు అదే చేటు.

ముందు తూకం. ఎనిమిది వారాల లాబ్రడార్ పిల్ల సుమారు 5, 6 కిలోలుంటుంది. చేపల ట్రేలో కూర్చోబెట్టి కొట్టు కాటా మీద పెట్టి, ట్రే బరువు తీసెయ్యాలి. పెరిగాక దాన్ని ఎత్తుకుని మనమే కాటా ఎక్కి మన బరువు తీసేస్తే సరి. ప్రతి ఆదివారం, పొద్దున తిండికి ముందు, అదే కాటా మీద. పెద్దజాతి పిల్ల తన పూర్తి బరువులో సగానికి అయిదో నెల అటూ ఇటూగా చేరుతుంది. మిగతా సగానికి దాదాపు ఏడాది తీసుకుంటుంది, తీసుకోవాలి కూడా.

తర్వాత చెయ్యి. పిడికిలి బిగించి కణుపుల మీద వేలితో రాయండి. పిల్ల పక్కటెముకలు అలా తగిలితే చిక్కినట్టు. చెయ్యి చాచి, వెనక వైపు వేళ్ల మొదట్లో రాయండి. ఎముక పైకి తేలదు, వేలికి మాత్రం తెలుస్తుంది. పిల్ల అలా ఉండాలి. ఇప్పుడు అరచేతి వైపు అదే చోట రాయండి. ఎముకను వెతుక్కోవాల్సి వస్తుంది. అలా ఉంటే తిండి ఎక్కువైనట్టు. పక్కటెముకలు తేలి పొట్ట మాత్రం ఉబ్బితే అది పుష్టి కాదు, ఏలికపాములు కావచ్చు. డాక్టరుకు చూపించాలి.

తిండి గ్రాముల్లో తూచాలి, గ్లాసులతో కాదు. పెద్దజాతి పిల్లలకని రాసి ఉన్న తిండి సంచి కొని, దాని మీది పట్టికతో మొదలుపెట్టాలి. మూడు నెలలదాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలలదాకా మూడు, ఆపైన రెండు. పావుగంటయ్యాక గిన్నె తీసెయ్యాలి, అదే మన చెక్‌ట్రే. చేతికి మెత్తగా తగిలితే పదోవంతు తగ్గించాలి. తగ్గిస్తే పిల్లకు అన్యాయం చేసినట్టేనని బెంగపడకండి. అమెరికాలో ప్యూరినా కంపెనీ 48 లాబ్రడార్లను జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ పెట్టి జీవితాంతం గమనించింది. 2002లో వచ్చిన ఫలితాల ప్రకారం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ల అరుగుదల కూడా ఆలస్యంగా వచ్చింది.

అందరం పొరబడేది కాల్షియం సిరప్ దగ్గర. కాళ్లు గట్టిపడాలని పోస్తాం. ఎదిగిన కుక్క పేగులు అక్కర్లేని కాల్షియాన్ని చాలావరకు వదిలేస్తాయి. ఆర్నెల్లలోపు పిల్లకు ఆ అదుపు సరిగా ఉండదు, పోసినదాంట్లో ఎక్కువ భాగం ఒంటికి పట్టేస్తుంది. దాంతో మృదులాస్థి ఎముకగా మారే క్రమం చెడి, కీళ్లు పాడవుతాయి, ముందుకాళ్లు వంకరపోతాయి. సంచి తిండి తినే పిల్లకు అందులో ఉన్న కాల్షియమే చాలు, పైన ఒక్క చుక్క వద్దు. ఉత్త అన్నం, ఎముకల్లేని చికెన్ పెట్టే ఇంట్లో పరిస్థితి తలకిందులు. అక్కడ కాల్షియం నిజంగానే చాలదు, ఎముక మెత్తబడి చిన్న గెంతుకే విరగొచ్చు. ఆ లోటును సీసా చూసి మనం పూడ్చుకోకూడదు, పశువైద్యుడి చేత లెక్క కట్టించుకోవాలి. గన్నవరంలో 1998 నుంచి ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

ఇక మెట్లు. దివిసీమలోనూ బందరులోనూ నీళ్ల భయంతో పునాదులు ఎత్తుగా లేపుతాం, వాకిట్లోనే అయిదారు మెట్లుంటాయి. నార్వేలో పెద్దజాతి పిల్లల మీద చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు నెలల్లోపు రోజూ మెట్లెక్కినవాటికి తుంటికీలు లోపం ఎక్కువగా కనబడింది, మెత్తటి నేల మీద విడిగా తిరిగినవాటికి తక్కువ. అందుకే మూడు నెలలదాకా పిల్లను మెట్ల మీద ఎత్తుకునే దింపాను. టీకాలన్నీ పూర్తయ్యాక సాయంత్రాలు మినుము తీసిన చేలో వదిలాను. నున్నటి గచ్చు మీద గోనెపట్టా పరిచాను.

పోయిన ఆదివారం 16 కిలోల 600, ఈ ఆదివారం 17 కిలోల 300. నోటుపుస్తకంలో రాస్తుంటే పక్కింటి మామ్మగారు వచ్చి, ‘ఏమ్మా, పిల్ల అలా చిక్కిపోయింది, అన్నం పెట్టట్లేదా?’ అన్నారు. ‘ఇలా ఇవ్వండి మామ్మగారూ’ అని ఆవిడ చెయ్యి పట్టుకుని దాని పక్కటెముకల మీద పెట్టాను. ఆవిడ ఒకసారి తన చేతి వెనక రాసుకుని, మళ్లీ పిల్లను తడిమి చూశారు.