మందు మంచిదా, చెడ్డదా? కణమే చెబుతుంది

1993లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో హెపటైటిస్-బి రోగులు 15 మందికి ఫియాలురిడిన్ అనే కొత్త మందును ప్రయోగాత్మకంగా ఇచ్చారు. జంతువులపై చేసిన పరీక్షల్లో ఆ మందు వల్ల కాలేయానికి ముప్పు ఉన్నట్లు తేలలేదు. కానీ కొన్ని వారాల తర్వాత ఏడుగురికి కాలేయం దెబ్బతిన్నది. ఐదుగురు మరణించారు. ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. ఎలుకకు పడిన మందు మనిషికి పడకపోవచ్చు. అందుకే శాస్త్రవేత్తలు మనిషి కణాలనే అడగడం నేర్చుకున్నారు.

కణాన్ని అడగడం ఎలా?

మన కణాల్లో సుమారు 20,000 ప్రోటీన్ జన్యువులు ఉంటాయి. అన్నీ ఒకేసారి పనిచేయవు. పనిచేసే జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ నకళ్ళు తయారవుతాయి. నకళ్ళు పెరిగితే ఆ జన్యువు చురుకుగా ఉన్నట్లు. కణం చనిపోవడానికి ముందే దానిలోని రక్షణ జన్యువులు మేల్కొంటాయి. ఆ అలజడిని పసిగట్టడమే ఈ పరీక్ష.

చిన్న గుంటలున్న పళ్ళేలలో కాలేయ కణాలను పెంచుతారు. కొన్ని గుంటల్లో మందును వేర్వేరు మోతాదుల్లో వేస్తారు, కొన్నింటిలో వేయరు. కొన్ని గంటల తర్వాత ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, వేలాది జన్యువుల నకళ్ళను ఒకేసారి కొలుస్తారు. మందు వేయని కణాలతోనూ, తెలిసిన విషపదార్థాలు మిగిల్చిన గుర్తులతోనూ పోల్చి చూస్తారు. ఇలాంటి పోలికకు పనికివచ్చేలా జపాన్ పరిశోధకులు దాదాపు 170 రసాయనాల వివరాలను అందరికీ అందుబాటులో ఉంచారు.

మనకు తెలిసిన ఉదాహరణ

పారాసెటమాల్ తగిన మోతాదులో సురక్షితమే. కాలేయంలో దానిలో కొద్దిభాగం విషపదార్థంగా మారుతుంది, గ్లూటాథయోన్ దాన్ని నిర్వీర్యం చేస్తుంది. మోతాదు మించితే గ్లూటాథయోన్ అయిపోతుంది, విషం కణాన్ని దెబ్బతీస్తుంది. అప్పుడు ఆక్సీకరణ ఒత్తిడిని ఎదుర్కొనే జన్యువులు చురుకవుతాయి. డీఎన్‌ఏను గాయపరిచే మందైతే పీ53 అదుపులోని జన్యువులు మేల్కొంటాయి. అంటే హాని ఉందన్న సంగతే కాక, అది ఎటువంటిదో కూడా తెలుస్తుంది.

పరిమితులు

జన్యువుల్లో మార్పు కనిపించినంత మాత్రాన విషమని తీర్పు చెప్పలేము. మందును ఎదుర్కోవడానికి కణం సర్దుకుంటూ ఉండవచ్చు. పళ్ళెంలో పెరిగే కాలేయ కణాలు రోజుల్లోనే తమ ఎంజైముల శక్తిని కోల్పోతాయి. పారాసెటమాల్‌ను విషంగా మార్చేవి ఆ ఎంజైములే, అవి లేకపోతే ప్రమాదం కనిపించదు. ఫియాలురిడిన్ వంటి నెమ్మదైన విషం ఒక్కరోజు పరీక్షకు చిక్కకపోవచ్చు. అందుకే ఇప్పుడు కణాలను చిన్న బంతుల్లా కూర్చి, వారాల తరబడి మందు ఇస్తూ గమనిస్తున్నారు.

ఈ పద్ధతి జల్లెడ వంటిది. ప్రమాదకరమైన మందులను రోగిని చేరకముందే కొంతవరకు ఏరివేస్తుంది. ఆ తర్వాత జాగ్రత్త మనది. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉండవచ్చు. జ్వరం మాత్రతో కలిపి వేసుకునే ముందు అట్టపై పేరు చదవండి, డాక్టరును అడగండి.