బడి పిల్లలలో ఉత్సాహము – ఉపాధ్యాయుని పని, పంచాయతీ పని

చెరువు కట్టకు గండి పడినదని తెలిసినచో గ్రామమంతయు గడ్డపారలు, తట్టలు తీసికొని పరుగెత్తును. బడికి వచ్చుచుండిన బాలుడు వరుసగా పది దినములు రాకపోయినచో ఆ గండిని చూచువారు కొందరే. మొదటి గండిలో నీరు పోవును. రెండవ గండిలో ఒక జీవితము పోవును. పిల్లలు బడిని ఇష్టపడి వచ్చుటకు ఉపాధ్యాయుడు తరగతిలో చేయదగిన పను లెవ్వి, పంచాయతీ సభ్యులు ఊరిలో చేయదగిన పను లెవ్వి అను విషయమును ఈ పాఠమున వివరించుచున్నాము. శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దున నున్న అమరాపురము ప్రాంతమును ఉదాహరణముగా తీసికొందుము.

రెండువందల ఏండ్లనాటి బడి

1882లో అనంతపురము జిల్లా ఏర్పడుటకు పూర్వము ఈ ప్రాంతము బళ్లారి జిల్లాలో నుండెను. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఉత్తరువుపై, బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823లో తన జిల్లాలోని బడులను గూర్చి నివేదిక పంపెను. 9,27,857 మంది జనులున్న ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండిరి. అనగా సుమారు 140 మందికి ఒక్కరు చదువుచుండిరి. బాలికలు అరువది మంది మాత్రమే.

ఆనాటి పద్ధతులను కూడ క్యాంబెల్ వ్రాసెను. ఉదయము అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేతిలో గౌరవసూచకముగా సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవానికి సున్న చుట్టెడివారు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పిమ్మట వచ్చిన ప్రతివానికి ఒక్కొక్క దెబ్బ ఎక్కువ. చదువనివానిని చేతులు కట్టి పైకప్పునుండి వ్రేలాడదీయుట, ఎడతెగక గుంజీలు తీయించుట కూడ కలదు. మన పెద్దలు కోదండమని చెప్పుకొనిన శిక్ష ఇదియే.

ఈ పద్ధతిలోని లోపమును గమనింపుడు. నలువది మంది వచ్చు బడిలో గౌరవము పొందువా డొక్కడే. ఇంటి పని ముగించుకొని కడపట వచ్చు పేదవాని బిడ్డకు దినదినము దెబ్బలే. అట్టి బిడ్డకు బడి మానుట సులభము, వచ్చుట కష్టము.

భయము వలన చదువు రాదు

భయపడిన బిడ్డ తెలియని విషయమును అడుగదు, తెలిసినట్లు నటించును. ఆ నటన పరీక్షనాడు బయటపడును. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 17వ సెక్షను ప్రకారము బిడ్డను కొట్టుట, మానసికముగా వేధించుట రెండును నిషిద్ధములు. “మావాని తోలు వలిచియైనను చదువు చెప్పుడు” అని కొందరు తల్లిదండ్రులు నేటికిని ఉపాధ్యాయునితో చెప్పుదురు. ఆ మాట తగదని గ్రామసభలో వారికి నచ్చజెప్పుట సభ్యుల వంతు.

ఆలస్యముగా వచ్చిన బిడ్డను ఉపాధ్యాయుడు మొదట కూర్చుండబెట్టవలెను. కారణమును తరువాత, ఒంటరిగా అడుగవలెను. పశువులకు మేత వేసి వచ్చితినని చెప్పినచో, శిక్షింపవలసినది బిడ్డను కాదు, మాటాడవలసినది తండ్రితో.

ఇంటి భాషకు గౌరవము

1823 నాటి లెక్కలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. ఈ సీమలో రెండు భాషలును పక్కపక్కనే పెరిగినవి. నేటికిని అమరాపురము, మడకశిర ప్రాంతములలో ఇంట కన్నడము మాటాడు కుటుంబములు అనేకము. కన్నడ మాధ్యమపు పాఠశాలలు కూడ కలవు. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనా సౌకర్యము కలిగింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది.

కన్నడము మాటాడు బిడ్డ తెలుగు తరగతిలో మౌనముగా కూర్చున్నచో దానిని మందబుద్ధి అని తలంపరాదు. తెలుగున పాలు, పులి, పాము, పువ్వు. కన్నడమున హాలు, హులి, హావు, హూవు. మొదట “ప” ఉన్నచోట కన్నడమున “హ” వచ్చినది. ఈ జతలను నల్లబల్లపై వ్రాసి, మరికొన్ని తెచ్చి చెప్పుమని అడిగినచో, నిన్నటివరకు మాటాడని బిడ్డయే అందరికంటె ముందుగా చేయి ఎత్తును. తన ఇంటి మాటకు బడిలో విలువ కలదని తెలిసిన నాడు బిడ్డకు ధైర్యము కలుగును.

ఇదే మండలములోని హేమావతి ఒకప్పుడు హెంజేరు అను పేర నొలంబ రాజులకు రాజధాని. అచ్చటి ఆలయములను, రాతి చెక్కడములను, శాసనములను ఒక దినము చూపించి, చూచినదానిని తమ మాటలలో వ్రాయుమన్నచో చరిత్ర పాఠము కంఠస్థము చేయ నక్కరలేదు.

మెప్పు, బహుమతి

మెప్పు కూడ ఎరువు వంటిది. మోతాదు తెలిసి వేయవలెను. 1998లో అమెరికాలో మ్యూలర్, డ్వెక్ అను పరిశోధకులు తమ పరిశీలనలను ప్రకటించిరి. తెలివిగలవారని పొగడబడిన పిల్లలు కష్టమైన సమస్య రాగానే జంకిరి. బాగుగా శ్రమించితిరని మెచ్చుకొనబడినవారు పట్టుదలతో నిలిచిరి. కావున “నీవు గట్టివాడవు” అనుటకంటె “తప్పినను మూడు మారులు చేసి సరిచూచితివి” అనుట మేలు.

పంచాయతీలు ఆగస్టు 15న, జనవరి 26న పాఠశాలలో బహుమతులు ఇచ్చుట మంచి ఆచారమే. కాని ప్రథమ స్థానము వచ్చిన ముగ్గురికే ఇచ్చినచో, అది పూర్వము ఒక్కని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసినట్లే యగును. నిరుటికంటె మెరుగుపడినవారిని, హాజరు తప్పనివారిని, తోటివారికి చదువు చెప్పినవారిని కూడ వేదికపైకి పిలువవలెను.

పిల్లలే పిల్లలకు గురువులు

పాతబడిలో మెచ్చదగినది కూడ కలదు. ముందు నేర్చినవారు వెనుకబడినవారికి నేర్పు పద్ధతిని క్యాంబెల్ ప్రశంసించెను. ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను చూచుకొను పల్లెబడిలో ఇది నేటికిని ఉపయోగకరము. నలుగురైదుగురిని ఒక జట్టుగా చేసి, జట్టు నాయకత్వమును వారమునకు ఒకరికి చొప్పున అందరికిని ఇయ్యవలెను. ఎప్పుడును ఒక్కడే నాయకుడైనచో అతనికి గర్వము, తక్కినవారికి విసుగు కలుగును.

పంచాయతీ చేయవలసినది

మొదటిది: విద్యాహక్కు చట్టము 9వ సెక్షను ప్రకారము పదునాలుగేండ్లలోపు పిల్లల వివరములను ఉంచుట, వలస కుటుంబముల పిల్లలను బడిలో చేర్పించుట స్థానిక సంస్థల బాధ్యత. వేరుశనగ కోతల కాలమున, తల్లిదండ్రులు కూలికై బెంగళూరు పోవు కాలమున హాజరు పట్టికను వారమున కొకమారు చూడవలెను. బిడ్డను అవ్వ యింటనో, వసతి గృహముననో నిలుపు మార్గమును ముందే ఆలోచింపవలెను.

రెండవది: పాఠశాల నిర్వహణ సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తములో సగము స్త్రీలు ఉండవలెను. స్థానిక ప్రతినిధులకును అందు స్థానము కలదు. వారు సంతకమునకే గాక చర్చకు రావలెను.

మూడవది: త్రాగునీరు, మరుగుదొడ్డి, ప్రహరీ. మరుగుదొడ్డి లేని బడికి ఎదిగిన బాలిక రాదు. ఉపాధ్యాయుడు ఎంత సమర్థుడైనను ఆ లోటును తీర్పజాలడు.

నాలుగవది: ఉపాధ్యాయునికి గౌరవము. దూరపు జిల్లానుండి వచ్చినవారికి ఊరిలో ఇల్లు చూపించుట, వారి కష్టసుఖములు విచారించుట చిన్నపనులు కావు. ఉపాధ్యాయునికే ఉత్సాహము లేనిచో పిల్లలకు ఎక్కడినుండి వచ్చును?

1823లో 6,641 మంది విద్యార్థులలో అరువది మంది బాలికలుండిన సీమలో నేడు ఆడపిల్లలు సంచులు తగిలించుకొని బడికి పోవుచున్నారు. ఈ మార్పు తనంత తాను రాలేదు. దీనిని నిలుపుకొనుటయు తనంత తాను జరుగదు.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున గత నెలలో పది దినములకు మించి బడికి రాని పిల్లలు ఎందరు? ప్రతి ఒక్కరికిని కారణమేమి?

2. ఇంట వేరుభాష మాటాడు పిల్లలకు మన బడిలో ఏ సహాయము జరుగుచున్నది?

3. రాబోవు జాతీయ పండుగనాడు బహుమతులను ఏ ప్రాతిపదికపై ఇయ్యవలెను?

4. పాఠశాల నిర్వహణ సంఘము చివరిసారి ఎప్పుడు సమావేశమయ్యెను? అందు నిర్ణయించిన పనులలో ఎన్ని పూర్తియైనవి?