హెల్ప్ ఫైలు: మూలాన్ని దిద్దడమే మార్గం

చీడికాడ



సీహెచ్ఎం హెల్ప్ ఫైలు తెరుచుకున్నా కుడివైపు పేజీ తెల్లగా ఉండిపోతే ఫైలు చెడిపోయిందని భయపడనక్కరలేదు. నెట్ నుంచి దిగిన ఫైలుకు విండోస్ తగిలించే భద్రతా గుర్తు అందుకు కారణం కావచ్చు గనుక ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ గడిని టిక్ చేయాలి, అప్పటికీ కుదరకపోతే ఫోల్డరు పేరులో హ్యాష్ గుర్తు ఉన్నదేమో చూడాలి. అంతవరకు ఈ ఇబ్బందిలో పడిన చిరంజీవి తప్పేమీ లేదు. అసలు ప్రతిని దాచుకోకుండా ఆ ఫైలులోనే తెలుగు శీర్షికలు చేర్చబోవడం మాత్రం మందలించదగిన తొందరపాటు.

1997లో మైక్రోసాఫ్ట్ ప్రవేశపెట్టిన సీహెచ్ఎం ఫైలు అంటే హెచ్‌టీఎంఎల్ పేజీలనూ, బొమ్మలనూ, విషయసూచికనూ, పదసూచినీ కుదించి ఒక్కటిగా కట్టిన మూట. చదవడానికి సుమత్రా పీడీఎఫ్, విప్పడానికి సెవెన్‌జిప్ చాలు. దిద్దాలంటే హెచ్‌టీఎంఎల్ హెల్ప్ వర్క్‌షాప్‌లోని డీకంపైల్ ఆదేశంతో విప్పి, విడి పేజీలను సవరించి, మళ్లీ కంపైల్ చేయడం క్షేమం. అలా విప్పినప్పుడు ఏ పేజీలు చేరాలో, ఏది మొదట తెరుచుకోవాలో చెప్పే ప్రాజెక్టు ఫైలు తిరిగి రాదు. దానిని కొత్తగా రాసుకోవాలి.

చిరంజీవి చేర్చిన తెలుగు శీర్షికలు ప్రశ్నార్థకాలుగా మారడం ఎడిటర్ లోపం కాదు. లోపలి పేజీలు యూనికోడ్‌లో ఉంటే తెలుగు చక్కగానే కనిపిస్తుంది గాని, విషయసూచిక, పదసూచి ఫైళ్లు మాత్రం ఒక్కొక్క లిపికి విండోస్ కేటాయించిన పాత కోడ్ పేజీల మీద ఆధారపడతాయి; ఆ పనికి వాడదగిన కోడ్ పేజీ తెలుగుకు లేదు, యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉన్న స్థానాలే దానికి చోటు. అందువల్ల పాత పద్ధతిలో భద్రపరచగానే ‘క’ అయినా ‘ళ’ అయినా ఒకే ప్రశ్నార్థకంగా మిగులుతుంది, ఏ గుర్తు ఏ అక్షరమో ఆ తరువాత ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. దీనికి ఆచరణలో నిలిచే ఉపాయం ఒకటుంది: ఎడమవైపు సూచికను పొట్టి ఇంగ్లీషు పేర్లతో సరిపెట్టి, మొదట తెరుచుకునే పేజీలోనే లింకులతో కూడిన తెలుగు విషయసూచికను అమర్చడం.

కాబట్టి చిరంజీవి ముందుగా అసలు ఫైలును మళ్లీ సంపాదించి, దాని ప్రతిని వేరుగా భద్రపరచి, ఆ తరువాతే దిద్దుబాటుకు పూనుకోవాలి.