వీలు చూచుకొని వెళ్లుదము

పాఠ భాగములు: అపొస్తలుల కార్యములు 24:24–27, రోమా 1:13, 15:22–24



చల్లపల్లి నుండి ఒంగోలు ఎంత దూరము? మోపిదేవి దాటి, పులిగడ్డ–పెనుమూడి వంతెన మీద కృష్ణను దాటి, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా 216వ నంబరు జాతీయ రహదారిని పోయినయెడల, తెల్లవారి బయలుదేరినవారు మధ్యాహ్న భోజనవేళకు ముందే చేరుదురు. ఆ దూరము పోవుటకు నాకును నా భార్యకును 40 ఏండ్లకు పైగా పట్టెను.

పెండ్లియైన క్రొత్తలో ఆమె నన్ను ఒక్కటే అడిగెను. ఒంగోలులో ప్రార్థన కొండ ఎక్కి, అక్కడనుండి మద్రాసు పోయి రావలెనని ఆమె కోరిక. "కోతలు కానిమ్ము" అంటిని. కోతలు కాకమునుపే 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడెను. వేలాదిమంది ప్రాణములు పోయిన ఆ దినములలో ప్రయాణమను మాట ఎవరికి తోచును? అది నిజమైన ఆటంకము. అయితే తరువాతి సంవత్సరముల మాటేమి? మినుప చేలు, పిల్లల చదువులు, పెండ్లిండ్లు, ఇంటికి స్లాబు. ప్రతి యేడు నా జవాబు ఒకటే: "వీలు చూచుకొని వెళ్లుదము." కొన్నాళ్లకు ఆమె అడుగుట మానెను. దానిని నేను సమ్మతి అనుకొంటిని.

1. ఆటంకము వేరు, వాయిదా వేరు

పౌలు రోమాకు వెళ్లవలెనని అనేక పర్యాయములు ఉద్దేశించెను; అనేక పర్యాయములు ఆటంకపడెను. అయినను ఊరకుండలేదు. తాను వెళ్లలేకపోయినను పత్రిక వ్రాసి పంపెను. ఫేలిక్సు అట్లు కాదు. భార్యయైన ద్రుసిల్లతో కూర్చుండి, నీతిని గూర్చియు, ఆశానిగ్రహమును గూర్చియు, రాబోవు తీర్పును గూర్చియు విని భయపడెను; తరువాత పిలిపింతునని చెప్పి పంపివేసెను. అతనికి సమయము దొరకలేదా? దొరికెను. లంచమునకు ఆశపడి మాటిమాటికి పౌలును పిలిపించుచునే యుండెను. రెండేండ్లు గడిచెను. సమయము దొరికినది గాని ఆ సంగతికి మాత్రము దొరకలేదు.

మనమును అంతే. పైగా "దేవుని చిత్తమైతే" అందుము. యాకోబు 4:15 ఆ మాటను గర్వమునకు మందుగా ఇచ్చెను గాని సోమరితనమునకు దుప్పటిగా ఇయ్యలేదు.

2. కనిపెట్టుట పని చేయుటయే

తుదకు పోయినయేడు మేమిద్దరము బయలుదేరితిమి. ఒంగోలు కొండ చరిత్ర మీలో అనేకులు వినియుందురు. తెలుగువారి మధ్య ఆ మిషనును మూసివేయుదమా యని అమెరికాలో తర్కించుచున్న కాలమది. 1854 జనవరి 1న సూర్యోదయవేళ జ్యూయెట్ దంపతులును ముగ్గురు తెలుగు విశ్వాసులును ఆ కొండ ఎక్కి, ఒంగోలునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. జాన్ క్లౌ దొరగారు అక్కడికి వచ్చినది 1866లో. ధాత కరువులో ఆయన బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున కొంత భాగము కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. బాప్తిస్మము కోరి అనేకులు వచ్చిరి. కూటికొరకు వచ్చిరను మాట రాకుండునట్లు, కరువు పని ముగియువరకు ఆయన దానిని ఆపెను. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆపుట కూడ పనియే. ఎందుకు ఆపుచున్నాడో, ఎంతవరకో ఆయనకు తెలియును.

మద్రాసులో సెయింట్ జార్జి కథీడ్రల్ చూచితిమి. 1919లో తరంగంబాడిలో సంఘైక్యత కొరకు మొదలైన ప్రయత్నము 1947 సెప్టెంబరు 27న ఆ దేవాలయమందు దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను. 28 ఏండ్లు! దానికొరకు పాటుపడిన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. ఆ దినమును చూడలేదు. అయినను ఆయన పని ఆగలేదు.

3. పోయిన దినము

ఒక్క మాట దాచకూడదు. ఆ ఐదుగురివలె కాలినడకన కొండ ఎక్కవలెనని నా భార్య కోరిక. ఆమె మోకాళ్లు ఇప్పుడు మా వాకిటి మెట్లే ఎక్కనియ్యవు. కొండ క్రింద నిలిచి చాలసేపు పైకి చూచి, "మీరు వెళ్లి రండి, నేనిక్కడ ప్రార్థన చేసికొందును" అనెను. నేను వెళ్లలేదు. ఇద్దరము క్రిందనే కూర్చుండి ప్రార్థించితిమి. క్రిందనున్నవారి ప్రార్థనయు దేవుడు వినును, సందేహము లేదు. నా తప్పును ఆయన క్షమించెను, ఆమెయు క్షమించెను. అయితే ఆమె అడిగినది కొండ ఎక్కుట. దానిని నేనిక ఈయలేను.

ప్రయాణము విషయమే ఇట్లయితే, సమాధానపడవలసిన అన్నదమ్ముల మాటేమి? తీర్చవలసిన అప్పు మాటేమి? రక్షణ మాటేమి?

ఆలోచించుటకు

1. పౌలు ఆటంకమునకును ఫేలిక్సు సాకునకును భేదమేమి?
2. మన యింటిలో ఎవరు ఏమి అడిగి, అడుగుట మానివేసిరి?
3. ఈ నెలలో నెరవేర్చుటకు ఒక్క సంగతి యెంచి, దినము నిర్ణయించి, ఇంటివారికి చెప్పుడి.

ప్రార్థన: ప్రభువా, నీవు ఆపినప్పుడు ఓర్పును, మేమే ఆపుకొన్నప్పుడు సిగ్గును, మిగిలిన దినములను వాడుకొను బుద్ధిని మాకు దయచేయుము. ఆమేన్.